నిర్వచనాలు వచ్చు, సంబంధాలు రావు: విశాఖ పదో తరగతి పిల్లలతో కణం, ఆవరణ వ్యవస్థ పాఠాలు (కేస్ స్టడీ)

పెదజాలారిపేట, పెదవాల్తేరు వైపు నుంచి సాయంత్రం క్లాసుకు వచ్చే పదో తరగతి పిల్లలకు నేను జీవశాస్త్రం చెబుతాను. వీళ్లలో చాలామందికి నిర్వచనాలు నోటికి వచ్చు. "ఆవరణ వ్యవస్థ అంటే?" అని అడిగితే తడుముకోకుండా చెప్తారు. "మైటోకాండ్రియా?" అనగానే "కణ శక్త్యాగారం" అని అందరూ ఒకేసారి అంటారు. అదే పిల్లలను రెండు పదాలు కలిపి ఒక ప్రశ్న అడిగితే ఆగిపోతారు.

ఆ ప్రశ్న ఇది: వంజరం చేప నెత్తళ్ళు అనే చిన్న చేపలను తింది. నెత్తళ్ళలో ఉన్న శక్తి అంతా వంజరం ఒంట్లో ఉందా? లేకపోతే ఎక్కడికి పోయింది?

"పది శాతమే వెళ్తుంది టీచర్" అన్నారు. ఆహార గొలుసులో ఒక మెట్టు శక్తిలో సుమారు పది శాతమే పై మెట్టుకు వెళ్తుందని పుస్తకంలో ఉన్నదే, తప్పు కాదు. మరి మిగతా తొంభై? "వేస్ట్ అయిపోతుంది" అని ఒకరు, "పోతుంది అంతే" అని ఇంకొకరు. శ్వాసక్రియ అన్న మాట ఎవరి నోటా రాలేదు. మైటోకాండ్రియా పేరు అసలే రాలేదు. కణం పాఠం తొమ్మిదిలో అయిపోయింది, పర్యావరణం పాఠం పదిలో వచ్చింది. పరీక్షలో కూడా రెండింటికీ వేరు వేరు ప్రశ్నలే. ఒక దానిలో నేర్చుకున్న పదం ఇంకో దానిలో అవసరం పడుతుందని వాళ్లకు ఎవరూ చూపించలేదు.

నా ఉద్దేశంలో అసలు లోపం ఇక్కడే ఉంది. ఆహార గొలుసులో ప్రతి మెట్టు దగ్గరా శక్తి తగ్గడానికి ముఖ్యమైన కారణం కణాల్లో జరిగే శ్వాసక్రియ. అడవి గురించి, సముద్రం గురించి చెప్పే పాఠానికి సమాధానం కణం లోపల ఉంది. ఈ సంబంధం తెలియకపోతే పది శాతం అన్నది బట్టీ పట్టాల్సిన ఇంకో అంకె, అంతకు మించి ఏమీ కాదు. అందుకే ఈ బ్యాచ్‌తో రెండు పాఠాలనూ కలిపి చెప్పాను. ఎలా చెప్పానో, ఏది పనిచేసిందో, ఏది ఇంకా కుదరలేదో రాస్తున్నాను.

ముందు ఏం తెలుసో చూడటం

టెస్ట్ పెట్టలేదు. పదాలను చీటీల మీద రాసి డబ్బాలో వేశాం. కణత్వచం, కణకవచం, హరితరేణువు, మైటోకాండ్రియా, ఉత్పత్తిదారు, వినియోగదారు, విచ్ఛిన్నకారి, జనాభా, ఆవాసం, నిర్జీవ కారకాలు, ఇలాంటివి. ప్రతి ఒక్కరూ రెండు చీటీలు తీసి, ఆ రెండు పదాలూ వచ్చేలా ఒక వాక్యం చెప్పాలి. నిర్వచనం చెబితే లెక్కలోకి రాదు.

ఇది చాలా తేలికైన పనిలా కనిపిస్తుంది. కానీ ఎవరికి ఏది అర్థం కాలేదో రాత పరీక్షలో కంటే దీనిలో స్పష్టంగా బయటపడుతుంది. మార్కుల్లో ఎప్పుడూ ముందుండే ఒక అమ్మాయికి "హరితరేణువు, మైటోకాండ్రియా" వచ్చాయి. "హరితరేణువు మొక్కల్లో ఉంటుంది, మైటోకాండ్రియా జంతువుల్లో ఉంటుంది" అని ధీమాగా చెప్పింది. ఎవరూ కాదనలేదు. అంటే క్లాసు మొత్తం అలాగే అనుకుంటోంది. మొక్క కణంలోనూ మైటోకాండ్రియా ఉంటుందని పుస్తకంలో బొమ్మ ఉంది, దానికి పేరు కూడా రాసి ఉంది. ఆ బొమ్మ పరీక్షలో వీళ్లే గీసి వచ్చారు.

మిగతా తికమకలు నేను ఊహించినవే. కణకవచాన్ని, కణత్వచాన్ని ఒకటిగా చూడటం. శ్వాసక్రియ అంటే గాలి పీల్చి వదలడం అనుకోవడం. మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ చేస్తాయని షిఫ్టుల్లా పంచేయడం. ఆహార గొలుసులో బాణం గుర్తును తినే జీవి నుంచి తినబడే జీవి వైపు గీయడం. ఆవరణ వ్యవస్థ అనగానే జంతువుల, చెట్ల పేర్లు చెప్పి నీరు, వెలుతురు, ఉప్పు, మట్టి, ఉష్ణోగ్రత వదిలేయడం. చివరిది చిన్న విషయం కాదు. 1935లో వృక్షశాస్త్రవేత్త ఆర్థర్ టాన్స్‌లీ ఎకోసిస్టమ్ (ఆవరణ వ్యవస్థ) అన్న భావనను ముందుకు తెచ్చిందే జీవులను, వాటి చుట్టూ ఉన్న నిర్జీవ పరిసరాలను విడదీయకుండా ఒకే వ్యవస్థగా చూడాలని. నిర్జీవ కారకాలు వదిలేస్తే మిగిలేది జీవుల సమాజమే, ఆవరణ వ్యవస్థ కాదు.

బీచ్ నీళ్లు, రియో ఆకు

కణంతో మొదలుపెట్టాం. ఉల్లిపొర అందరూ చూసేశారు కాబట్టి రియో మొక్క ఆకు తీసుకున్నాం. కుండీల్లో పెంచుతారు, ఆకు అడుగు భాగం ఊదా రంగులో ఉంటుంది. ఆకును ఏటవాలుగా చింపితే అడుగు పొర పల్చగా ఊడి వస్తుంది. దాన్ని స్లైడ్ మీద మంచినీటి చుక్కలో పెట్టి, కవర్ స్లిప్ వేసి చూస్తే ఊదా రంగు నిండిన గదులు కనిపిస్తాయి. రంగు వేయాల్సిన అవసరం లేదు, ఆ రంగు కణంలోని రిక్తికదే (ద్రవం నిండిన సంచి).

తర్వాత ఆర్కే బీచ్ నుంచి సీసాలో తెచ్చిన సముద్రపు నీటిని కవర్ స్లిప్ ఒక అంచున చుక్క వేసి, రెండో అంచున ఫిల్టర్ పేపర్ ఆనించాం. కాగితం మంచినీటిని పీల్చుకుంటుంటే సముద్రపు నీరు లోపలికి వస్తుంది. కొన్ని నిమిషాల్లో ఊదా రంగు గది గోడలను వదిలి మధ్యకు ముడుచుకుపోయింది. గోడ మాత్రం ఉన్నచోటే ఉంది.

అప్పుడు అడిగాను: కదిలింది ఏది, కదలనిది ఏది? కదలనిది కణకవచం. లోపలి ద్రవంతో పాటు ముడుచుకున్నది కణత్వచం. ఈ తేడా బోర్డు మీద గీసి చెప్పిన ప్రతిసారీ వారం తిరిగేసరికి చెరిగిపోతుంది. కళ్ల ముందు ఒకటి కదిలి, ఇంకోటి కదలకుండా ఉండటం చూసినవాళ్లు మళ్లీ కలిపేయలేదు. 1665లో రాబర్ట్ హుక్ బెరడు ముక్కలో చూసింది ఈ కదలని భాగాన్నే అని చెప్పాను. అవి ప్రాణం పోయిన కణాలు, లోపల ఏమీ మిగల్లేదు, గోడలే మిగిలాయి. మళ్లీ మంచినీళ్లు పంపితే చాలా కణాల్లో రంగు తిరిగి గోడ దాకా విస్తరిస్తుంది. ఎక్కువసేపు ఉప్పునీటిలో ఉంచేస్తే విస్తరించదు, త్వచం దెబ్బతింటుంది.

ద్రవాభిసరణ (త్వచం గుండా నీరు గాఢత ఎక్కువున్న వైపుకు వెళ్లడం) అన్న పదం అప్పుడు చెప్పాను, ముందు కాదు. మాగాయకు కోసిన మామిడి ముక్కల్లో ఉప్పు కలిపితే ఊట దిగేది ఇందుకే అనగానే అమ్మాయిలు ఒప్పుకున్నారు. జాలారిపేట అబ్బాయి ఒకడు ఎండుచేపల సంగతి తీశాడు. వాళ్లింట్లో చేపలకు ఉప్పు పట్టించి ఎండబెడతారు. ఉప్పు వేసిన కాసేపటికి నీళ్లు ఎందుకు కారతాయో వాడికి ఇప్పుడు తెలిసింది. వెంటనే ఇంకో ప్రశ్న వేశాడు: "మరి సముద్రంలో బతికున్న చేప ఎందుకు ముడుచుకుపోదు టీచర్?"

ఇంత మంచి ప్రశ్నకు పదో తరగతి సిలబస్‌లో చోటు లేదు. అయినా సమాధానం చెప్పకుండా దాటేయడం నాకు నచ్చదు. సముద్రంలోని ముళ్ల చేపల ఒంట్లోంచి నీరు నిజంగానే నిత్యం బయటికి పోతూ ఉంటుంది. అందుకే అవి సముద్రపు నీటిని తాగుతాయి, ఎక్కువైన ఉప్పును మొప్పల ద్వారా బయటికి పంపేస్తాయి. సొరలది వేరే పద్ధతి. అవి యూరియాను ఒంట్లో నిల్వ ఉంచుకుని, తమ రక్తం గాఢతను సముద్రపు నీటికి దగ్గరగా పెట్టుకుంటాయి. సొర మాంసం నిలవుంటే ఘాటైన వాసన వచ్చేది ఆ యూరియా విచ్ఛిన్నమై అమ్మోనియా కావడం వల్లే. "అందుకేనా మా అమ్మ సొరను అన్నిసార్లు కడుగుతుంది" అన్నాడు వాడు. ఉప్పు అనే నిర్జీవ కారకం ఒక జీవి కణాలను, దాని బతుకు తీరును ఎలా నిర్దేశిస్తుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

ఫ్లాస్కులో పెసలు

ఈ కేసు మొత్తానికి కీలకమైన భాగం ఇదే. రెండు థర్మాస్ ఫ్లాస్కులు తీసుకున్నాం. ఒకదానిలో రాత్రంతా నానబెట్టి మొలకెత్తించిన పెసలు. రెండోదానిలో అన్నే పెసలు, ఉడికించి చల్లార్చినవి. మూతి దగ్గర దూది పెట్టి, దాని గుండా థర్మామీటర్ దింపాం. జ్వరం చూసే థర్మామీటర్ దీనికి పనికిరాదు, ల్యాబ్‌లో వాడేది కావాలి.

మర్నాటికి మొలకల ఫ్లాస్కు కొన్ని డిగ్రీలు వేడెక్కింది. ఉడికించినది గది ఉష్ణోగ్రత దగ్గరే ఉంది. మొదట వచ్చిన సమాధానం "ఎండ టీచర్, వైజాగ్‌లో ఉక్కపోత కదా" అని. అయితే పక్కనున్న ఫ్లాస్కుకు ఉక్కపోత లేదా? అప్పుడు ఆలోచనలో పడ్డారు. అగ్గి లేదు, ఎండ లేదు, లోపలంతా చీకటి. వేడి గింజల్లోంచే రావాలి.

ఇక్కడ శ్వాసక్రియ అన్న పదం మొదటిసారి ముక్కు, ఊపిరితిత్తులు లేకుండా నిలబడింది. గింజకు ముక్కు లేదు. కణాల్లో గ్లూకోజ్ ఆక్సిజన్‌తో కలిసి విడిపోతోంది, ఆ శక్తిలో సగానికంటే తక్కువే కణం వాడుకోగలిగే ఏటీపీ అనే అణువు రూపంలో కణానికి దక్కుతోంది, మిగతాది వేడిగా పోతోంది. పైగా ఈ గింజలు మొక్కకు చెందినవి, చీకట్లో ఉన్నాయి, ఇంకా ఆకుపచ్చ రంగు కూడా రాలేదు. హరితరేణువులు పని మొదలుపెట్టకముందే మైటోకాండ్రియా పనిచేస్తోంది. మొదటి రోజు మైటోకాండ్రియాను జంతువులకు మాత్రమే ఇచ్చేసిన అమ్మాయి ఇక్కడ తనంతట తానే లేచి, "మొక్కల్లో కూడా ఉండాలి, లేకపోతే ఈ వేడి రాదు" అంది. మొక్కలు పగలు కూడా శ్వాసిస్తాయి, ఆ సమయంలో కిరణజన్య సంయోగక్రియ వేగం ఎక్కువ కాబట్టి మనకు ఆక్సిజన్ విడుదలే కనిపిస్తుంది అని చెబితే ఈసారి ఎవరూ ఎదురు చెప్పలేదు.

"కణ శక్త్యాగారం" అన్న మాటను కూడా ఇక్కడే సరిచేశాను. ఆ మాట విన్న పిల్లలు మైటోకాండ్రియా శక్తిని పుట్టిస్తుందనుకుంటారు. అది పుట్టించదు. ఆహారంలో ముందే ఉన్న శక్తిని కణం వాడుకోగలిగే రూపంలోకి మారుస్తుంది. ఆహారంలోకి ఆ శక్తి సూర్యుడి నుంచి హరితరేణువు ద్వారా వచ్చింది. ఈ ఒక్క సవరణ లేకుండా శక్తి ప్రవాహం పాఠంలోకి వెళ్లడం దండగ.

ఇక ఉడికించిన పెసల సంగతి. మామూలుగా ఈ ప్రయోగంలో చచ్చిన గింజలను క్రిమిసంహారకంతో కడిగి పెడతారు. నేను కావాలనే కడగకుండా పెట్టించాను, మొలకల ఫ్లాస్కు తీసేశాక కూడా దాన్ని అలాగే ఉంచాను. రోజులు గడిచేకొద్దీ ఆ ఫ్లాస్కులో కూడా ఉష్ణోగ్రత పెరిగింది. క్లాసులో పెద్ద వాదన జరిగింది. "చచ్చిపోయిన గింజలు శ్వాసించవు కదా, మీరే చెప్పారు" అని ఒక పక్క. "ఉడికినా కొన్ని బతికే ఉన్నాయేమో" అని ఇంకో పక్క. వెనక బెంచీ నుంచి ఒకడు, "పాచిపోయుంటాయి, బూజు పట్టుంటుంది" అన్నాడు. దూది తీస్తే వాసన వాడి మాటే నిజమని చెప్పింది. జిగట, బూజు. కొంచెం బూజును స్లైడ్ మీద చూస్తే దారాల్లాంటి శిలీంధ్ర తంతువులు కనిపించాయి.

గింజలు చనిపోయాయి, వాటిలోని ఆహారం చనిపోలేదు. దాన్ని బూజు, బ్యాక్టీరియా తింటున్నాయి. వాటి కణాలూ శ్వాసిస్తున్నాయి, వేడిని వదులుతున్నాయి. విచ్ఛిన్నకారి అన్న పదం చీటీ మీద ఉన్నన్నాళ్లూ వాళ్లకు అది ఆహార గొలుసులో ఆఖరి గడి మాత్రమే. పులి చచ్చాక వచ్చేది. ఇప్పుడు ప్రతి మెట్టు పక్కనా విచ్ఛిన్నకారులు ఉంటాయని, రాలిన ఆకు మీదైనా, చచ్చిన చేప మీదైనా పనిచేసేవి అవేనని అర్థమైంది. కంబాలకొండ అడవిలో రాలిన ఆకులు గుట్టలుగా పేరుకుపోకుండా ఉండేది, 2014 అక్టోబరులో హుద్‌హుద్‌ తుఫానుకు కూలిన చెట్ల దుంగలు నెమ్మదిగా మట్టిలో కలిసింది కూడా వీటి పనివల్లే. చెదలు దుంగను కొరికి ముక్కలు చేస్తాయి, శిలీంధ్రాలు, బ్యాక్టీరియా వాటి మీద రసాయనికంగా పనిచేస్తాయి.

ఈ ప్రయోగం చేయాలనుకునే టీచర్లకు ఒక జాగ్రత్త. బూజు పట్టిన ఫ్లాస్కును పిల్లల ముఖం దగ్గర తెరవకండి. మాస్కు పెట్టుకుని కిటికీ దగ్గర మీరే తెరవండి. ఆస్తమా ఉన్న పిల్లలను దూరంగా కూర్చోబెట్టండి. తర్వాత బ్లీచింగ్ నీళ్లు పోసి పారేయండి.

వంజరం దాకా

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వచ్చాం. వృక్ష ప్లవకాలు (నీటిలో తేలుతూ కిరణజన్య సంయోగక్రియ చేసే సూక్ష్మజీవులు), జంతు ప్లవకాలు (వాటిని తినే చిన్న జీవులు), నెత్తళ్ళు, వంజరం, మనం. బాణం గుర్తు పక్కన "తింటుంది" అని రాయొద్దన్నాను, "శక్తి వెళ్తుంది" అని రాయమన్నాను. అంతే, బాణాలు వాటంతట అవే సరైన వైపు తిరిగాయి.

1942లో ఆవరణ శాస్త్రవేత్త రేమండ్ లిండెమాన్ రాసిన వ్యాసం నుంచి వచ్చిన పది శాతం లెక్క వేశాం. వృక్ష ప్లవకాల్లో 10,000 యూనిట్ల శక్తి ఉంటే జంతు ప్లవకాలకు 1,000, నెత్తళ్ళకు 100, వంజరానికి 10, మనకు 1. ఇది స్థూలమైన అంచనా, అన్ని చోట్లా సరిగ్గా పదే ఉండదని కూడా చెప్పాను. మిగతా తొంభై ఎక్కడ? ఈసారి సమాధానాలు వరసగా వచ్చాయి. కొన్ని జీవులను అసలు ఎవరూ తినరు, అవి చచ్చి విచ్ఛిన్నకారులకు పోతాయి. తిన్నదానిలో కొంత అరగక మలంలో పోతుంది. అరిగినదానిలో చాలా భాగం ఈదడానికి, బతకడానికి కణాల్లో ఖర్చయి వేడిగా పోతుంది. "ఫ్లాస్కులో వేడి లాగానే" అన్నారు. వేస్ట్ అన్న మాట మళ్లీ రాలేదు. చేప బతికినన్నాళ్లూ ఖర్చు పెట్టుకున్న శక్తి వేస్ట్ ఎలా అవుతుంది?

జనాభా అన్న పదానికి చేపల వేట నిషేధం సాయం చేసింది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట ఆపేస్తారు. జాలారిపేట పిల్లలకు ఇది ఇంటి సంగతి, ఆ రెండు నెలలూ ఇంట్లో డబ్బు టెన్షన్ ఎలా ఉంటుందో వాళ్లకు తెలుసు. గుడ్లు పెట్టే కాలంలో వదిలేస్తే ఒక జాతి సంఖ్య నిలబడుతుంది. ఒకే చోట ఉన్న ఒకే జాతి జీవులన్నీ కలిసి జనాభా. అక్కడే ఉన్న నెత్తళ్ళ జనాభా, వంజరం జనాభా, రొయ్యల జనాభా, ఇవన్నీ కలిస్తే సమాజం. దానికి నీరు, ఉప్పు, వెలుతురు కలిపితే ఆవరణ వ్యవస్థ.

పాదరసం గురించి కూడా కొద్దిగా మాట్లాడుకున్నాం. గొలుసులో పైకి వెళ్లేకొద్దీ శక్తి తగ్గుతుంది, పాదరసం గాఢత పెరుగుతుంది. శక్తి వేడిగా ఒంట్లోంచి పోతుంది, పాదరసం అంత తొందరగా పోదు. ఈ తేడా చెబితే, ఇలా గాఢత పెరగడమనే జైవిక వృద్ధీకరణానికి వేరే వివరణ పెద్దగా అవసరం పడలేదు.

ఏం మిగిలింది

చీటీల ఆట మళ్లీ ఆడించాను. ఈసారి చాలా వాక్యాల్లో "ఎందుకంటే" అన్న మాట వచ్చింది, అది నాకు మార్కుల కంటే ముఖ్యం. ఒకరికి "కణత్వచం, నిర్జీవ కారకాలు" వస్తే, "నీటిలో ఉప్పు ఎక్కువైతే కణత్వచం గుండా నీరు బయటికి పోతుంది, కాబట్టి మంచినీటి మొక్క సముద్రంలో బతకదు" అని చెప్పారు. మంచి వాక్యం. ఉప్పునీటిలో పెరిగే మడ చెట్ల సంగతేంటి అని పక్కవాళ్లు అడిగారు. ఆ చర్చ చాలాసేపు నడిచింది.

కుదరనిది నిచ్. ఒక జీవి ఎక్కడ ఉంటుందో అది ఆవాసం, అక్కడ ఏం చేస్తూ ఎలా బతుకుతుందో అది నిచ్. ముడసర్లోవ జలాశయం దగ్గర నీటికాకి, లకుముకి పిట్ట, కొంగ మూడూ ఒకే నీళ్లలో చేపలు పడతాయి. నీటికాకి మునిగి ఈదుతూ పడుతుంది, లకుముకి పైనుంచి సూటిగా దూకుతుంది, కొంగ లోతు లేనిచోట నిలబడి కాచుకుంటుంది. ఆవాసం ఒకటే, నిచ్‌లు వేరు. అక్కడ చూసినప్పుడు అర్థమైందన్నారు. కానీ కొత్త ఉదాహరణ అడిగితే మళ్లీ చోటు పేరే చెబుతున్నారు. తిండి ఒక్కటే నిచ్ కాదు, జీవి చురుగ్గా ఉండే వేళ, గూడు కట్టుకునే తీరు, తట్టుకోగలిగిన వేడి, ఉప్పు కూడా అందులో భాగమేనని చెప్పడానికి పక్షులు చాలవనిపిస్తోంది. ఋషికొండ దగ్గర ఆటు సమయంలో బయటపడే రాళ్ల మీద జీవులతో ప్రయత్నించాలి. అక్కడ రాయి పైభాగంలో బతికేవి వేరు, ఎప్పుడూ నీళ్లుండే గుంటలో బతికేవి వేరు. పెద్దవాళ్లు తోడుండాలి, పోటు వేళలు ముందే చూసుకోవాలి, ఏ జీవినీ పెరికి తేకూడదు.

పరీక్ష గురించి తల్లిదండ్రులకు భయం ఉంది, అది సహజం. అందుకే నిర్వచనాలు వదిలేయలేదు. ప్రతి పదానికీ పుస్తకంలోని వాక్యం రాసి, దాని కింద సొంతంగా ఒక సంబంధం రాయమన్నాను. మొదటి వాక్యం మార్కులకు సరిపోతుంది. రెండో వాక్యం చదివితే ఆ పిల్లకు ఎంత అర్థమైందో నాకు తెలుస్తుంది.

పదార్థ చక్రాలు ఇంకా మొదలుపెట్టలేదు. వేడి ఫ్లాస్కు వదిలి పోయింది సరే, పెసల్లోని కార్బన్ ఎక్కడికి పోయిందని ఒకమ్మాయి అడిగింది. వచ్చే వారం మూత గట్టిగా ఉన్న డబ్బాలో మొలకల పక్కన సున్నపు తేట గిన్నె పెట్టబోతున్నాం, రెండో డబ్బాలో మొలకలు లేకుండా సున్నపు తేట ఒక్కటే. మొలకలున్న డబ్బాలో తేట ముందుగా పాలలా మారితే కార్బన్ డయాక్సైడ్‌తో మొదలుపెట్టి కార్బన్ చక్రంలోకి వెళ్తాం.